కొత్తదని కొన్న రివాల్వర్ నిజంగా కొత్తదేనా?

[తెర మీద: ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్ల. మధ్యలో రివాల్వర్, పక్కన లైసెన్సు పుస్తకం, బిల్లు. నంబర్ల మీద టేపు అంటించి ఉంటుంది.]

నమస్కారం అండి. మన భీమవరం వైపు చెరువులు చేసే రైతు ఒకాయన అడిగిన మాటతో మొదలెడదాం. "ఏళ్ళు తిరిగి లైసెన్సు తెచ్చుకున్నానండి. డబ్బు కట్టి కొత్త రివాల్వర్ కొన్నాను. ఇంటికొచ్చి చూస్తే గొట్టంలో మసి, సిలిండర్ చుట్టూ గీత. ఎవరో వాడేసింది నాకు అంటగట్టారా?"

ఆ రెండు గుర్తులు చూసి అంత మాట అనేయలేమండి. (సిలిండర్ అంటే తూటాలు పెట్టే గదులుండే, గుండ్రంగా తిరిగే భాగం.) ఎందుకో చూద్దాం. నా పక్కనున్నది మా బాబాయ్. పోలీసు ఆయుధాగారంలో ఆర్మరర్‌గా, అంటే తుపాకులు చూసి బాగుచేసే పని చేసి రిటైరయ్యారు. ఈ రివాల్వర్ ఆయనది, లైసెన్సూ ఆయనదే. కాబట్టి ఈ వీడియోలో దీన్ని ముట్టుకునేది ఆయనొక్కరే.

బాబాయ్: ముందు ఖాళీ చేసి చూపించాలిరా. మిగతా కబుర్లు తర్వాత.

[దగ్గరి షాట్: గొట్టాన్ని కిందికి వంచగానే రివాల్వర్ మధ్యకి విరిగినట్టు తెరుచుకుంటుంది. ఆరు గదులూ ఖాళీ.]

ఇది కాన్పూర్‌లో తయారయ్యే .32 రివాల్వర్. వెబ్లీ అనే బ్రిటిష్ కంపెనీ పాత పద్ధతి, పైనుంచి తెరుచుకునే రకం. ఆరు గదులు. ఖాళీ అని కంటితో చూశాం, వేలితో తడిమాం. మీరు ఇంట్లో చూసుకునేటప్పుడూ తూటాలు వేరే గదిలో ఉండాలండి. ఆ బల్ల మీద ఉండకూడదు.

ఇప్పుడు మసి సంగతి. ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చే ఏ తుపాకీ అయినా కాల్చకుండా రాదు. మామూలు తూటా కంటే ఎక్కువ ఒత్తిడి పుట్టించే తూటాతో కాల్చి, గొట్టం, సిలిండర్ తట్టుకున్నాయని తేలాకే ప్రూఫ్ ముద్ర కొడతారు. తర్వాత తుడుస్తారు గానీ, అద్దంలా తుడవరు. అందుకని సిలిండర్ ముందు ముఖం మీద గదుల చుట్టూ బూడిద రంగు వలయాలు, గొట్టంలో కాస్త నలుపు కొత్తదానికీ ఉంటాయి. పైగా ఆ ముద్ర ఉండటమే మంచి లక్షణం. కాల్చిన గుర్తే లేని తుపాకీ దొరికితే నాకైతే అప్పుడు అనుమానం వస్తుంది.

సిలిండర్ చుట్టూ గీత కూడా అలాంటిదే.

[దగ్గరి షాట్: సిలిండర్ మెల్లగా తిరుగుతుంటుంది. గాడి నుంచి గాడికి సన్నటి మెరుపు గీత.]

సిలిండర్‌ని సరిగ్గా గొట్టానికి ఎదురుగా ఆపడానికి ఫ్రేములో, అంటే తుపాకీ ఒంట్లో, కింద ఒక చిన్న బొడిపె ఉంటుంది. అది సిలిండర్ మీది గాళ్ళలో పడి ఆపుతుంది. తిప్పినప్పుడల్లా అది ఉక్కు మీద రాసుకుంటుంది. పరీక్షలో తిప్పుతారు, షాపులో వచ్చిన ప్రతివాడూ తిప్పుతాడు. వెంట్రుక మందం గీత పడితే ఏమీ కాదు. చూడాల్సింది ఆ గాళ్ళ అంచుల్ని. అవి పదునుగా ఉంటే సరే. అంచు నలిగి, పక్కకి ఒరిగినట్టు కనబడితే మాత్రం ఆ సిలిండర్ చాలా తిరిగిందని అర్థం.

కాబట్టి, కాల్చారా అని వెతక్కండి. దానివల్ల ఏమీ తేలదు. ఫ్యాక్టరీలో ఎవరూ చెయ్యని పనులు రెండున్నాయి. తుపాకీని నడుముకి కట్టుకుని నెలల తరబడి తిరగడం ఒకటి, ఇంట్లో స్క్రూడ్రైవర్ పెట్టి విప్పడం రెండోది. ఆ రెండింటి గుర్తులు వెతకండి.

బాబాయ్: మోసిన తుపాకీ ఎక్కడ చెబుతుందో చూడు.

[దగ్గరి షాట్: గొట్టం మూతి, గురి చూసే ముందు సైటు కొన, సిలిండర్ వెలుపలి అంచు.]

హోల్‌స్టర్‌లో, అంటే నడుముకి కట్టుకునే తోలు తొడుగులో, పెట్టి తీస్తుంటే తోలు రాసుకునేది ఈ మూడు చోట్లే. నలుపు-నీలం పూత, దాన్నే బ్లూయింగ్ అంటాం, అది పైన వేసిన రంగు కాదు. ఉక్కు పైపొరనే రసాయనంతో మార్చి తెచ్చిన పలచటి పొర. అంచుల దగ్గర అది అరిగి, లోపలి తెల్లటి ఉక్కు సన్నని మెరుపులా బయటపడుతుంది. కాల్చడం వల్ల ఇలా జరగదు. షాపులో నలుగురు చేత్తో పట్టుకున్నా మూతి దగ్గర ఇలా అరగదు. గ్రిప్పు, అంటే పిడి మీద గళ్ళుగా చెక్కిన చోట గోటితో గీకి చూడండి. మన గోదావరి జిల్లాల ఉక్కకి చెయ్యి ఎప్పుడూ తడే కదా. కొన్నాళ్ళు వాడితే ఆ గళ్ళలో చెమట, మట్టి కలిసిన నల్లటి పేరుకుడు తగులుతుంది.

ఇక స్క్రూలు. ఫ్యాక్టరీలో సరైన కొలత పనిముట్టుతో బిగిస్తారు, గాడి అంచులు చెక్కుచెదరవు. ఇంట్లో దొరికిన స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పినవాడు గాడి మూలల్ని తప్పకుండా తినేస్తాడు. ఒక్క స్క్రూ తల చిరిగి ఉన్నా "ఇది ఎవరు విప్పారండీ?" అని అడిగే హక్కు మీకుంది.

ఇంతవరకూ తేలికే. అసలు చిక్కు, పాతదానికి మళ్ళీ పూత వేయించి అమ్మినప్పుడు. సంతలో ముసలి ఎద్దుకి కొమ్ములు చెక్కి రంగు పూసి నిలబెడతారే, అదీ వరస. పైపైన చూస్తే కొత్తదానికన్నా నిగనిగలాడుతుంది.

బాబాయ్: మెరుపు చూసి మురిసిపోకు. అక్షరాలు చూడు.

[దగ్గరి షాట్: భూతద్దం కింద చెక్కిన అక్షరాలు. పక్కనుంచి టార్చి వెలుతురు.]

మళ్ళీ పూత వెయ్యాలంటే ముందు పాత పొరని, గీతల్ని రాపిడి పట్టి తీసెయ్యాలి. ఆ రాపిడి గీతలతో ఆగదు. ఫ్యాక్టరీ పేరు, నంబరు చెక్కిన అక్షరాల అంచులు గుండ్రబడతాయి, లోతు తగ్గుతుంది. టార్చి ఎదురుగా కాకుండా పక్కనుంచి వెయ్యండి. కొత్త చెక్కుడైతే అక్షరం అంచున చిన్న నీడ గట్టిగా పడుతుంది, రాపిడి తిన్నదైతే నీడ మసకబారుతుంది. అలాగే స్క్రూ రంధ్రాల చుట్టూ చూడండి. రాపిడి చక్రం అక్కడ కొంచెం ఎక్కువ లోహాన్ని తినేసి, రంధ్రం నోరు పళ్ళెంలా లోపలికి జారినట్టు కనబడుతుంది. ఫ్రేము మూలలు మెత్తగా, సబ్బు ముక్కలా ఉన్నా అదే కథ. ఈ మూడూ ఒకేచోట కనిపిస్తే నేనైతే ఇంకేమీ చూడను.

నంబరు చెరిపి ఉంటే మాత్రం అది కొత్తా పాతా అనే ప్రశ్నే కాదు. ఆయుధాల చట్టం, 1959, సెక్షన్ 8 ప్రకారం గుర్తింపు నంబరు చెరపడమే నేరం. ఆ వస్తువుని అక్కడే వదిలేసి బయటికి రండి.

గొట్టం లోపల చూడటానికి ఒక చిట్కా. తెరిచి, సిలిండర్ వైపు తెల్ల కాగితం పెట్టి, దాని మీద టార్చి వెయ్యండి. కాగితం నుంచి వచ్చే వెలుగులో మెలికల గాళ్ళు చక్కగా కనబడతాయి. మసి అయితే గుడ్డతో పోతుంది. సీసం గుండ్లు చాలా కాల్చిన గొట్టంలో గాళ్ళ అంచుల వెంట బూడిద రంగు చారలు అతుక్కుని ఉంటాయి, అవి ఒక తుడుపుకి పోవు. చిన్న చిన్న గుంతలు కనబడితే తుప్పు తిన్న గుర్తు.

రివాల్వర్ కాకుండా పిస్టల్ అయితే, అంటే మన దేశంలో చేసే అశని లాంటిదైతే, స్లైడ్ (వెనక్కీ ముందుకీ జారే పై భాగం) జారే పట్టాలు, మ్యాగజైన్ (పిడిలో దూర్చే తూటాల పెట్టె) పక్కలు చూస్తే చాలు. రెండు మూడు సన్నటి గీతలు సహజం. మ్యాగజైన్ రెండు పక్కలా పూత పట్టీలా లేచిపోతే వాడినదే.

[తెర మీద: అంతర్వేది తీరం, కొబ్బరి తోటలు, తర్వాత ఇనుప బీరువా.]

తుప్పు దగ్గర మనవాళ్ళు తొందరపడతారు. అమలాపురం, నర్సాపురం వైపు ఉప్పుగాలికి కొత్త తాళంకప్ప కూడా వానాకాలం దాటేసరికి ఎర్రబారుతుంది. షాపులో ఏళ్ళుగా అమ్ముడుపోని తుపాకీ మీద తుప్పు చుక్కలు ఉండొచ్చు. అది పాత స్టాకే, వాడిన తుపాకీ కాదు. తేడా ఏమిటంటే, పాత స్టాకుకి చుక్కలు ఎక్కడ పడితే అక్కడ ఉంటాయి గానీ అంచుల్లో అరుగు ఉండదు. ధర తగ్గించమని అడగొచ్చు, మోసమని మాత్రం అనకూడదు. అన్నట్టు, తెచ్చాక మీరు తోలు హోల్‌స్టర్‌లోనే పెట్టి బీరువాలో పడెయ్యకండి. తోలు తేమ పట్టి ఉంచుతుంది. ఏడాది తిరక్కుండా మీ కొత్తది పాతదైపోతుంది.

అసలు వాడిన తుపాకులు షాపుకి ఎలా వస్తాయంటారా? సక్రమంగానే వస్తాయండి. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణతో ఒకరి దగ్గర ఉండదగ్గ తుపాకులు మూడు నుంచి రెండుకి తగ్గాయి. మూడోది పోలీస్ స్టేషన్‌లోనో లైసెన్సున్న డీలర్ దగ్గరో అప్పగించాల్సి వచ్చింది. పెద్దాయన కాలం చేస్తే, పిల్లలకి లైసెన్సు లేకపోతే, ఆయన తుపాకీ కూడా అక్కడికే చేరుతుంది. పాత తూర్పుగోదావరి జిల్లా ముద్రతో ఉన్న లైసెన్సు పుస్తకాలు అలాంటివాటి వెంట ఇంకా కనబడతాయి. వాడినదని చెప్పి, తగిన ధరకి అమ్మితే తప్పేం లేదు. ఇంకో మాట. మామూలు పౌరులకి విదేశీ తుపాకుల దిగుమతి 1980ల మధ్య నుంచి ఆగిపోయింది. ఈమధ్య విదేశీ పేరుతో మన దేశంలోనే తయారవుతున్నవి వేరు. అవి కాకుండా ఎవరైనా "జర్మనీదండి, సీలు కూడా విప్పలేదు" అంటే నవ్వి ఊరుకోండి.

బాబాయ్: ఇనుము అయిపోయింది. ఇక కాగితాలు.

మూడుచోట్ల నంబరు ఒకటే ఉండాలి. తుపాకీ మీద, బిల్లులో, మీ లైసెన్సులో డీలర్ రాసిన నమోదులో. ఒక్క అంకె తేడా ఉన్నా షాపు గడప దాటకండి. బిల్లులో "కొత్తది" అన్న మాట రాయించుకోండి. చాలామంది మొహమాటపడి అడగరు. లక్ష దాటే వస్తువుకి మొహమాటం ఏమిటండీ! అనుమానం మిగిలితే నంబరు రాసి తయారుచేసిన ఫ్యాక్టరీకే ఉత్తరం పెట్టండి: ఇది ఏ తేదీన, ఏ డీలర్‌కి పంపారు? ఆ తేదీకీ మీ బిల్లు తేదీకీ మధ్య చాలా ఎడం ఉంటే, ఈలోగా ఇది ఎవరి దగ్గర ఉందని డీలర్‌ని అడగండి.

వాడినదేనని తేలితే ఒక్క తూటా కూడా కాల్చకండి, తుడవకండి, పూత వేయించకండి. ఉన్నది ఉన్నట్టు ఫొటోలు తీసుకుని డీలర్‌కి రాతపూర్వకంగా చెప్పండి. మీ అంతట మీరు తీసుకెళ్ళి వదిలేసి రావద్దు, తిరిగి ఇచ్చినట్టు లైసెన్సులో నమోదు కావాలి. డీలర్ దారికి రాకపోతే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ఉంది. పాత వస్తువునో బాగుచేసిన వస్తువునో కొత్తదని అమ్మడం ఆ చట్టంలో అనుచిత వ్యాపార పద్ధతి అని పేరు పెట్టి మరీ రాసి ఉంది. రెండేళ్ళలోపు ఫిర్యాదు చెయ్యాలి. కొన్నది కాన్పూర్‌లోనైనా సరే, మీరు ఉండే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే వేసుకోవచ్చు.