పాత పెర్ఫ్యూమ్ సీసా కొంటున్నారా? ముందు బిరడా ఫొటో అడగండి

హాయ్ అండి. ఇదిగో, ఈ సీసా చూడండి. ముందు నుంచి చూస్తే వంక పెట్టడానికి ఏమీ లేదు కదా? రెండేళ్ల కిందట ఆన్‌లైన్‌లో కొన్నాను, బకరా కంపెనీది అన్నారు. ఫ్రాన్స్‌లో 1764 నుంచి ఉన్న గాజు కంపెనీ, పేరు అలాగే పలుకుతారు. ఆ రోజు నేనూ అదే అయ్యాను.

ఎలాగో చూపిస్తా. బిరడా తిప్పుతున్నా, వినండి... టకటకా కొట్టుకుంటోంది, విన్నారా? మంచి సీసాలకి అప్పట్లో ఏ సీసా బిరడాని ఆ సీసా మెడలోనే పెట్టి నూరేవాళ్లు, అందుకే పక్క సీసాకి అది సరిగ్గా కూర్చోదు. ఒకదానితో ఒకటి కలిసిపోకుండా రెండింటి మీదా ఒకే నంబరు చెక్కేవాళ్లు. కెమెరా దగ్గరికి తెస్తాను, సీసా అడుగున 47, బిరడా కింద 112. అంటే సీసా అసలుదే, బిరడా మాత్రం ఇంకెక్కడిదో. అమ్మినాయన ఎనిమిది ఫొటోలు పెట్టాడు, ఒక్కదాంట్లో కూడా అడుగు లేదు, నాకూ అడగాలని తోచలేదు. అన్ని సీసాలకీ నంబర్లు ఉండవు లెండి, లేనంత మాత్రాన నకిలీ అనకండి, కానీ రెండు నంబర్లుండి అవి కలవకపోతే ఇక ఆలోచించేదేమీ లేదు.

ఇప్పుడు లాలిక్ సంగతి. ఇదీ ఫ్రెంచ్ గాజు కంపెనీయే, దాన్ని పెట్టిన రెనే లాలిక్ 1945లో చనిపోయాడు. ఆ తర్వాత వచ్చిన వాటి మీద మామూలుగా పేరు ముందు ‘ఆర్’ ఉండదు, ‘ఆర్’ ఉన్నవాటికి ధర ఎక్కువ, కాబట్టి కొత్త సీసా మీదో, అసలు లాలిక్‌దే కాని గాజు మీదో ఆ ఒక్క అక్షరంతో సహా సంతకం చెక్కేవాళ్లున్నారు. సంతకాన్ని బాగా దగ్గరగా తీసిన ఫొటో అడిగి జూమ్ చేయండి. పాత సంతకమైతే ఏళ్ల తరబడి బల్లల మీద జరిగిన గీతలు అక్షరాల మీదుగా పోతాయి, కొత్తగా చెక్కిందైతే అక్షరమే ఆ గీతల్ని కోసుకుంటూ పోతుంది. అడుగున గీతలన్నీ ఒకే దిక్కుకి, దువ్వినట్టు ఉన్నాయా? గరుకు కాగితం పని అది. నిజంగా వాడిన సీసాకి బల్లకి ఆనే అంచు మీద మాత్రమే, అడ్డదిడ్డంగా అరుగుదల ఉంటుంది.

చెక్ సీసాల గురించి ఒక్క ముక్క. ‘1890 నాటిది, మేడ్ ఇన్ చెకోస్లోవేకియా’ అని ఎవరైనా రాస్తే నవ్వుకుని ముందుకెళ్లిపోండి, ఆ దేశం పుట్టిందే 1918లో. 1992 చివరితో అదీ పోయింది. పాత అచ్చుల్లో మళ్లీ పోసిన సీసాలూ ఉన్నాయి, మార్కు ఎవరైనా వేయొచ్చు, కాబట్టి మార్కు ఉందని మురిసిపోవద్దు.

మూతి అంచు విరిగితే సానబెట్టి సరిచేస్తారు. అప్పుడు మెడ కాస్త పొట్టిదై, బిరడా సీసా భుజాలకి మరీ దగ్గరగా కూర్చుంటుంది. అదే మోడల్ సీసా ఇంకోటి పక్కన పెట్టి ఎత్తు కొలిచి చూస్తే తెలిసిపోతుంది, అందుకే మిల్లీమీటర్లలో ఎత్తు అడగాలి. జిగురుతో అతికించినదైతే యూవీ టార్చి వేస్తే చాలాసార్లు ఆ గీత వెలుగుతుంది. ఇంకోటి, ఆ టార్చి వేస్తే సీసా ఆకుపచ్చగా మెరిసింది కదా, పాతదే అంటారు కొందరు. అలా మెరిసేది యురేనియం కలిపిన గాజు, అది ఇప్పటికీ తయారవుతోంది బాబూ.

అందుకే డబ్బు కట్టే ముందు నేను ఇలా మెసేజ్ పెడతాను: ‘బిరడా బయటికి తీసి దాని కింది భాగం, సీసా అడుగు, మూతి అంచు, పగటి వెలుతురులో, లోపల చుక్క నీళ్లు కూడా లేకుండా ఫొటోలు పంపండి.’ నీళ్లెందుకంటే, లోపల పట్టిన తెల్లటి మసక తడిగా ఉన్నప్పుడు కనిపించదు, ఇంటికొచ్చి ఆరాక బయటపడుతుంది.

నిన్న కూడా ఒకాయనకి ఇదే పంపాను. ‘మేడమ్, వేరేవాళ్లు అడుగుతున్నారు, త్వరగా చెప్పండి’ అన్నాడే గానీ ఫొటో పంపలేదు. కార్ట్‌లోంచి తీసేశాను.