హార్మోన్ల పనికి అడ్డుతగిలే రసాయనాలు: హద్దు ఎక్కడ గీయాలి?

సభకు నమస్కారం.

విశాఖ ఓడరేవు ఊరు కనుక ఓడ అడుగుభాగం నుంచే మొదలుపెడతాను. నీటిలో మునిగి ఉండే ఆ భాగానికి నాచు, గుల్లలు పట్టితే ఓడ వేగం తగ్గి ఇంధనం ఎక్కువ ఖర్చవుతుంది. అందుకే ఒకప్పుడు ట్రైబ్యుటైల్‌టిన్ అనే రసాయనం కలిపిన రంగు విరివిగా వేసేవారు. అది కొద్దికొద్దిగా నీటిలో కలిసి, లీటరుకు నానోగ్రాముల్లో ఉన్నప్పుడు కూడా, కొన్ని జాతుల ఆడ సముద్రపు నత్తల హార్మోన్ల పనికి అడ్డుతగిలి, వాటికి మగ అవయవాలు పెరిగేలా చేసింది. గుడ్లు బయటికి వచ్చే దారి మూసుకుపోయి ఆ నత్తల సంతతే తగ్గిపోయింది. ఫ్రాన్సు 1982లోనే చిన్న పడవలకు ఈ రంగు వాడకాన్ని నిషేధించింది. అంతర్జాతీయ ఒప్పందం మాత్రం 2001లో కుదిరి, 2008లో గాని అమల్లోకి రాలేదు. అన్నేళ్ల జాప్యాన్ని సమర్థించడం నా వల్ల కాదు.

జంతువులకు పెద్ద మోతాదులు ఇచ్చి, ఏ మోతాదు వద్ద హాని కనబడదో చూసి, దాన్ని సాధారణంగా వందతో భాగించి మనుషులకు సురక్షిత పరిమితి నిర్ణయించడం విషశాస్త్రంలో స్థిరపడిన పద్ధతి. హార్మోన్లేమో అతి స్వల్ప పరిమాణంలోనే పనిచేస్తాయి. గర్భస్థ శిశువులో కొన్ని వారాల్లో జరిగిన మార్పు జీవితాంతం నిలిచిపోవచ్చు. కాబట్టి సురక్షిత పరిమితి ఉందని ముందే అనుకోవడం తగదని ఎండోక్రైనాలజిస్టులు, అంటే హార్మోన్ల నిపుణులు, అంటారు. 2013లో ఐరోపా సమాఖ్య ఇలాంటి రసాయనాలపై నిబంధనలు రూపొందిస్తుండగా, ఆ వాదనకు ఆధారం చాలదని పలు విషశాస్త్ర పత్రికల సంపాదకులు బహిరంగంగా విమర్శించారు. ఎండోక్రైనాలజిస్టులూ అంతే గట్టిగా బదులిచ్చారు. ఏ రసాయనాలను ఈ కోవలో చేర్చాలో చెప్పే ప్రమాణాలు ఆ ఏడాది చివరికి రావలసి ఉండి రాకపోవడంతో స్వీడన్ కోర్టుకెక్కింది, 2015లో గెలిచింది. పురుగుమందులకు సంబంధించిన ప్రమాణాలు 2018లో వచ్చాయి.

ఈ విభేదం ఎంత లోతైనదో ప్లాస్టిక్ తయారీలో వాడే బిస్ఫినాల్-ఎ విషయంలో స్పష్టంగా కనిపిస్తుంది. శరీర బరువులో కిలోకు రోజుకు 4 మైక్రోగ్రాముల వరకు ఫరవాలేదని 2015లో చెప్పిన ఐరోపా ఆహార భద్రతా సంస్థ, 2023లో దాన్ని 0.2 నానోగ్రాములకు, అంటే 20,000 రెట్లు తగ్గించింది. జర్మనీ ప్రభుత్వ సంస్థ మాత్రం 200 నానోగ్రాముల పరిమితి సరిపోతుందంది. ఎలుకల రోగనిరోధక కణాల్లో కనిపించిన మార్పును మొదటి సంస్థ హానికి సూచనగా తీసుకుంది. ఆ మార్పు జబ్బుకు దారితీస్తుందని రుజువు కాలేదని రెండోది వాదించి, వీర్యకణాలపై ప్రభావాన్ని ఆధారం చేసుకుంది. శరీరంలో ప్రతి మార్పూ హాని కాదన్న అభ్యంతరంలో బలముంది, దాన్ని తోసిపుచ్చకూడదు. అయితే గర్భిణులకు, పసిబిడ్డలకు సంబంధించినంతవరకు, జబ్బు బయటపడేదాకా ఆగుదామనే రుజువు పద్ధతి నాకు సమ్మతం కాదు.

మన దేశంలో 2015 నాటి ప్రమాణం పసిపిల్లల పాలసీసాల తయారీలో, బిస్ఫినాల్-ఎతో చేసే పాలికార్బొనేట్ ప్లాస్టిక్‌ను పక్కనపెట్టింది. బిస్ఫినాల్-ఎ స్థానంలో చాలాచోట్ల వచ్చిన బిస్ఫినాల్-ఎస్ నిర్మాణంలో దానికి దగ్గరి చుట్టమే, ప్రయోగాల్లో హార్మోన్ల మీదా ప్రభావం చూపింది. 2024 చివర ఐరోపా సమాఖ్య ఆహారాన్ని తాకే వస్తువుల్లో బిస్ఫినాల్-ఎతో పాటు ప్రమాదకరమని వర్గీకరించిన ఇతర బిస్ఫినాల్‌లనూ కలిపి నిషేధించింది. మన ప్రమాణాలు కూడా ఒక్కొక్క రసాయనం వెంట పడకుండా, ఈ కుటుంబాన్నంతా ఒకేసారి పరీక్షకు నిలబెట్టాలని కోరుతున్నాను.