ముఖానికి గుడ్డ కట్టి నేర్పిన విద్య

అందరికీ నమస్కారం.

యువజనోత్సవాల పోటీలకు తయారవుతున్న మైమ్ బృందాలు ఈ హాల్లో చాలా ఉన్నాయని నిర్వాహకులు చెప్పారు. ఆరుగురు మనుషులు, ఐదు నిమిషాలు, మాట నిషేధం. మనలో ఎక్కువమందికి మూకాభినయం పరిచయమయ్యేది ఇక్కడే. చాలామందికి ఇక్కడితోనే ఆగిపోతుంది కూడా. వరకట్నం, సెల్‌ఫోన్ పిచ్చి, చెట్ల నరికివేత, ఏ అంశమైనా సరే, ముఖానికి తెల్లరంగు పూసి, కళ్లు పెద్దవి చేసి, వెనక నుంచి సంగీతం దంచేస్తే సరిపోతుందనుకుంటాం. ఆ సంగీతం ఆపేసి, మీ ముఖానికి పలచటి గుడ్డ కట్టి, అదే ఐదు నిమిషాలు మళ్లీ చేయమంటే ఏం మిగులుతుంది?

ఈ పరీక్ష నేను కనిపెట్టింది కాదు. 1920లలో పారిస్‌లో జాక్ కొపో అనే ఫ్రెంచ్ నాటక దర్శకుడు నడిపిన వ్యూ కొలొంబియే నాటక పాఠశాలలో ఇది రోజువారీ సాధన. ముఖం కప్పేసి, ఒంటి మీద వీలైనంత తక్కువ బట్టలతో, చెప్పదలచుకున్నది దేహంతోనే చెప్పమనేవారు. అది మూకాభినయ కళాకారుల కోసం పెట్టింది కాదు. మాటల నాటకం ఆడే నటుల ఒళ్లు సాగాలని పెట్టింది. కానీ 1923లో అక్కడ చేరిన ఎత్యెన్ దెక్రూ అనే యువకుడు ఆ ఒక్క కసరత్తునే పట్టుకున్నాడు. పొట్టకూటికి నాటకాల్లో, సినిమాల్లో, రేడియోలో వేషాలు వేస్తూనే మిగతా జీవితమంతా దాని మీదే పెట్టాడు. చివరి దశాబ్దాల్లో పారిస్ పక్కన బులోన్యలో తన ఇంటి కింది గదిలోనే పాఠాలు చెప్పాడు.

ఆ పాఠాలు ఎలా ఉండేవంటే, సంగీతంలో సరళీ స్వరాల్లా. ముందు తల ఒక్కటే పక్కకు వంచాలి, మెడ కదలకూడదు. తర్వాత తల, మెడ కలిపి. ఆ తర్వాత ఛాతీ దాకా, నడుము దాకా, కటి దాకా. చూసేవాళ్లకు విసుగు, చేసేవాళ్లకు నరకం. కానీ దేహంలో ఒక్కో భాగం చెప్పినట్టు విన్నాకే అసలు సరుకు మొదలవుతుంది. ఆ సరుకు పేరు బరువు.

బావిలో నీళ్లు తోడే దృశ్యం చేస్తున్నారనుకోండి. మనవాళ్లు చేతుల్ని కిందికీ పైకీ ఆడిస్తారు, నుదుటి చెమట తుడుచుకుంటారు. నీళ్లు మాత్రం రావు. నిజంగా చేంతాడు లాగే మనిషి వెనక్కి వాలినా పడిపోడు. నిండు బొక్కెన బరువు అతణ్ని ఇటునుంచి ఆపుతుంది. మీకు తాడూ లేదు, బొక్కెనా లేదు. అదే కోణంలో వాలినట్టు కనిపిస్తూ, పడిపోకుండా ఆ భారమంతా మీ తొడలే మోయాలి. అంటే లేని తాడు లాగడం ఉన్న తాడు లాగడం కంటే కష్టం. పది నిమిషాలు చేసి చూస్తే మర్నాడు మెట్లు దిగేటప్పుడు నేను చెప్పింది అర్థమవుతుంది.

గోడ కూడా అంతే. గాలిలో ఒకచోట అరచేయి ఆనించాక, మీరు వంగినా, పక్కకు జరిగినా ఆ చేయి అంగుళం కదలకూడదు. చేయి కదిలితే గోడ కూలినట్టే. ఆనేముందు వేళ్లు వదులుగా ఉండాలి, తగిలిన క్షణంలో చప్పున బిగుసుకోవాలి. ప్రేక్షకుడికి గోడ కనిపించేది ఆ తేడాలోనే.

కూచిపూడి నేర్చుకున్న పిల్లలు మైమ్‌లోకి వచ్చినప్పుడు ఇక్కడే తికమకపడతారు. వాళ్ల కళ్లు, మెడ, పాదాలు అద్భుతంగా పలుకుతాయి. కానీ హస్తముద్ర పట్టగానే తామరపువ్వు వచ్చేసిందని వాళ్ల నమ్మకం. ఆ వేదిక మీద అది న్యాయమే, చూసేవాళ్లకూ ఆ సంకేతం తెలుసు. మైమ్‌లో ఆ ఒప్పందం లేదు. పువ్వు కాడ ఎంత లావుందో, తెంపుతుంటే ఎంత సాగిందో చూపించాలి.

ఇక మూకాభినయంలో ప్రపంచమంతా ఎరిగిన ఫ్రెంచ్ కళాకారుడు మార్సెల్ మార్సో. 1923లో స్ట్రాస్‌బర్గ్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. తండ్రి మాంసం కొట్టు నడిపేవాడు. 1944లో నాజీలు ఆయన్ని ఆష్‌విట్జ్ మృత్యుశిబిరానికి తరలించారు, తిరిగి రాలేదు. మార్సో అన్న ఇంటిపేరు కూడా ఆ రోజుల్లో ప్రాణరక్షణకు పెట్టుకున్నదే. నాజీలపై ప్రతిఘటన ఉద్యమంలో చేరి యూదు పిల్లల్ని స్విట్జర్లాండ్ సరిహద్దు దాటించిన కుర్రాడు, యుద్ధం అయ్యాక పారిస్‌లో నటుడు షార్ల్ ద్యులాఁ నడిపిన పాఠశాలలో దెక్రూ శిష్యుడయ్యాడు. 1947లో బిప్ అనే పాత్రను సృష్టించాడు. చారల బనియను, నలిగిన టోపీ, దాని మీద ఊగులాడే ఎర్రపువ్వు.

చమత్కారమేమిటంటే, గురువు కప్పేసిన ముఖానికే శిష్యుడు తెల్లరంగు పూశాడు. ముఖంతో కథ చెప్పే పాతకాలపు పాంటొమైమ్ అంటే దెక్రూకి గిట్టదు. మార్సో మాత్రం పంతొమ్మిదో శతాబ్దంలో పియెరో అనే తెల్లముఖపు విదూషకుడి వేషంతో పారిస్‌ను ఊపేసిన ద్యుబ్యురో దగ్గరికి వెళ్లి ఆ రంగు తెచ్చుకున్నాడు. ఎవరు ఒప్పని వాదించను. కానీ ఒక పని చేయండి. యౌవనం, ప్రౌఢత్వం, వార్ధక్యం, మరణం అని మార్సో చేసిన చిన్న అంశం ఉంది. నిలబడ్డ చోటు వదలకుండానే కొద్ది నిమిషాల్లో మనిషి జీవితమంతా చూపిస్తాడు. ఫోన్‌లో అది పెట్టుకుని, ఆయన ముఖం మీద బొటనవేలు అడ్డం పెట్టి చూడండి. అయినా ముసలితనం కనిపిస్తుంది, వెన్నెముకలో. గురువు పాఠం ఎక్కడికీ పోలేదు.

తిండి పెడుతుందా అని ఎలాగూ అడుగుతారు కాబట్టి ముందే చెబుతాను. మార్సో ఎనభై దాటాక కూడా ప్రదర్శనలిచ్చాడు. అలాంటివాడు తరానికి ఒకడు. ఆయన 1978లో పారిస్‌లో పెట్టిన పాఠశాలే 2005లో మూతపడింది. అదే నగరంలో జాక్ లెకాక్ 1956లో పెట్టిన పాఠశాల మాత్రం ఇంకా నడుస్తోంది. అక్కడ చదివినవాళ్లలో ఎక్కువమంది మూకాభినయం చేయరు. జెఫ్రీ రష్ లాగా నటులవుతారు, లేకపోతే దర్శకులవుతారు. మన దేశంలో కోల్‌కతాలో జోగేశ్ దత్తా, నిరంజన్ గోస్వామి ప్రదర్శనలతో పాటు శిక్షణ సంస్థలు కూడా నడిపారు. టికెట్ డబ్బులతోనే ఇల్లు గడుపుకుందామనుకుంటే నేనైతే ప్రోత్సహించను. నటులకు శిక్షణ, బధిర పిల్లల బడులు, యానిమేషన్ కోసం కదలికలు అందించే పని, వీటన్నిటి మధ్యా ప్రదర్శనలు. వృత్తి అంటే ఈ కలగలుపే.

మీ పోటీకి ఇంకా సమయం ఉంది. రేపటి రిహార్సల్‌కు సంగీతం తెచ్చే బాధ్యత ఎవరిదైతే, వాళ్లు ఈసారికి స్పీకర్ ఇంట్లో వదిలేసి ఆరు పలచటి తువ్వాళ్లు పట్టుకురండి.