నాలుగుసార్లు అలైన్‌మెంట్ చేయించినా ఎడమ టైరే ఎందుకు అరుగుతోంది? – ఫోన్-ఇన్

యాంకర్: హలో, ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారండీ?

కాలర్: నమస్తే మేడమ్, మదనపల్లె పక్కన అంగళ్లు నుంచి. టమోటా లోడు తోలుతాను. పాత పికప్, 2008 మోడల్, కంపెనీ వచ్చేసి…

మెకానిక్: కంపెనీ పేరు వద్దులే అన్నా, రేడియో కదా. ముందు పట్టీలా, మెలితిరుగుతూ స్ప్రింగులా పనిచేసే టార్షన్ బారా?

కాలర్: టార్షన్ బార్ సార్. ముందు ఎడమ టైరు లోపలి పక్క నున్నగా గుండు అయిపోతోంది. కొత్త టైరు వేసి మూడు నెలలు కాలేదు, లోపలి అంచున తీగలు బయటపడ్డాయి, బయటి పక్క చూస్తే నిన్న కొన్నట్టే ఉంది. నాలుగుసార్లు కంప్యూటర్ అలైన్‌మెంట్ చేయించాను. ప్రతిసారీ అంతా ఓకే అని కాగితం చేతిలో పెడతారు.

మెకానిక్: ఆ కాగితంలో క్యాంబర్ అని ఒక గడి ఉంటుంది. ఎర్రగా ఉందా, పచ్చగా ఉందా?

కాలర్: కుడిది పచ్చగా ఉంది. ఎడమది ఎరుపే సార్, మైనస్ రెండు డిగ్రీలు. అడిగితే పాత బండికి అంతే, దానికి సెట్టింగ్ లేదన్నారు.

మెకానిక్: ఇదిగో, ఇక్కడే నాకు ఒళ్లు మండుతుంది. టై రాడ్ తిప్పి టో, అంటే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం, సరిచేయడం కాసేపటి పని, అది చేసి అలైన్‌మెంట్ అయిపోయిందని పంపిస్తారు. మీది టో కాదు, క్యాంబర్. బండికి ఎదురుగా నిలబడి చూస్తే చక్రం తల లోపలికి వాలి ఉంటుంది, అందుకే బరువంతా లోపలి అంచు మీద పడి అక్కడే అరుగుతోంది. టో ఎన్నిసార్లు తిప్పినా ఆ వాలు పోదు.

కాలర్: ఓవర్‌లోడు వల్ల అంటున్నారు సార్ మావాళ్లు. డెబ్బై క్రేట్ల దాకా వేస్తాం.

మెకానిక్: డెబ్బయ్యా! క్రేటుకు పాతిక కేజీలు వేసుకున్నా టన్నూ ముప్పావు. అది తప్పే, వెనక పట్టీలు ఏదో ఒకరోజు విరుగుతాయి. కానీ ముందు చక్రం వాలడానికి అది నేరుగా కారణం కాదు. లోడు వెనక యాక్సిల్ దాటి వెనక్కి పడితే ముందు భాగం ఇంకాస్త పైకి లేస్తుంది కూడా. ముందు చక్రాలు మోసేది ఇంజన్ బరువు, తినేది గుంతల దెబ్బ. రోడ్డు ఎడమ అంచున గుంతలు ఎక్కువ కాబట్టి చాలా బండ్లలో ముందు ఎడమ పక్కే పోతుంది. చక్రాన్ని పైనుంచి చాసిస్‌కు కలిపే పై ఆర్ము ఉంటుంది, దాని బుష్‌లు ఎప్పుడైనా మార్పించారా?

కాలర్: పోయిన ఏడాది సార్, ఎడమ పక్క. చలి కాలంలో.

మెకానిక్: ఆ తర్వాతే ఈ అరుగుడు మొదలైందా?

కాలర్: (కాసేపు ఆగి) ఇప్పుడు మీరు అడుగుతుంటే… అవును సార్, అంతకు ముందు లేదు.

మెకానిక్: బండి ఇంటి దగ్గరే ఉందా? అయితే ఒక పని చేయండి. ఖాళీ బండేనా? సరే, చదునుగా ఉన్న చోట చక్రం నడిమి హబ్ మధ్య నుంచి పైన మడ్‌గార్డ్ అంచు దాకా టేపుతో రెండు పక్కలా కొలవండి. ఇంకోటి, బుష్‌లు మార్చినప్పుడు గాడి ఉన్న ఇనుప పలకలు, షిమ్‌లు అంటాం, ఏమైనా మిగిలాయేమో డ్యాష్‌బోర్డులో, టూల్ బాక్సులో వెతకండి. లైన్ కట్ చేయొద్దు.

యాంకర్: ఈలోగా ఇంకో కాల్ తీసుకుందాం.

రెండో కాలర్: సార్, పుంగనూరు నుంచి. నాకూ టైరు ఒక పక్కే అరుగుతోంది, కానీ మాది ముందు పట్టీల బండి, అడ్డంగా ఒకటే యాక్సిల్.

మెకానిక్: మీ బండికి క్యాంబర్ తిప్పడానికి బోల్టు ఉండదు, వెతకొద్దు. చక్రం పక్కకు తిరగడానికి ఆధారమైన కింగ్ పిన్ బుష్‌లు, బేరింగ్ చూపించండి. అవి బాగుంటే యాక్సిలే వంగి ఉంటుంది. గ్యాస్ పెట్టి ఎర్రగా కాల్చి వంచుతామనే వాళ్లు ఉంటారు, ఒప్పుకోకండి. కాలిన ఇనుము బలం పోతుంది, ఘాట్ దిగేటప్పుడు విరిగితే ఎవరు దిక్కు? యాక్సిల్ మార్చుకోవడమే మంచిది.

కాలర్: మేడమ్, వచ్చాను. సార్, కుడి పక్క కంటే ఎడమ పక్క రెండు సెంటీమీటర్లు తక్కువ వచ్చింది. ఇంకా… ఉన్నాయి సార్! డ్యాష్‌బోర్డులో, పాత ఫాస్టాగ్ కాగితాల కింద, మూడు పలకలు. వాషర్లేమో అనుకొని పెట్టేశాను.

మెకానిక్: మందం ఎంత?

కాలర్: రెండు ఒకే మందం, రెండు మిల్లీమీటర్లు ఉంటాయేమో. ఇంకోటి పల్చన.

మెకానిక్: అవి పై ఆర్ము షాఫ్టుకూ చాసిస్‌కూ మధ్య ఉండాల్సినవి. తిరిగి బిగించేటప్పుడు వదిలేశారు, దాంతో ఆర్ము లోపలికి జరిగింది, చక్రం తల దానితోపాటే వాలింది. ఒక మిల్లీమీటరు పలకకు దాదాపు 0.2 డిగ్రీలు మారుతుంది. మందంవి రెండూ రెండు బోల్టులకు చెరొకటి వేయిస్తే అర డిగ్రీకి కొంచెం అటూ ఇటూగా వెనక్కొస్తుంది. సన్నది ఏ బోల్టు దగ్గరిదో మిషన్ మీద పెట్టి చూడాలి, అది క్యాంబర్‌తో పాటు కాస్టర్‌నూ, అంటే చక్రం తిరిగే ఇరుసు ముందుకో వెనక్కో వాలి ఉండటాన్నీ, మారుస్తుంది.

కాలర్: మరి మిగతా ఒకటిన్నర డిగ్రీ?

మెకానిక్: కొంత ఆ రెండు సెంటీమీటర్లలో ఉంది. బండి ఆ పక్క కుంగింది, ఈ రకం బండ్లలో కుంగితే చక్రం తల లోపలికి పోతుంది. కానీ టార్షన్ బార్ బోల్టు ముట్టుకునే ముందు లూజు చూడాలి, వరస తప్పితే మళ్లీ డబ్బు దండగ. జాకీ చాసిస్ కింద కాదు, కింది ఆర్ము కింద, అది చక్రానికి కలిసే బాల్ జాయింటుకు దగ్గరగా పెట్టండి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఊగితే ఒకరిని బ్రేక్ తొక్కమనండి. తొక్కగానే ఊగడం ఆగితే బేరింగ్ లూజు, ఆగకపోతే బాల్ జాయింటో, బుష్షో. జాయింటు పోయి ఉంటే అన్నీ మానేసి ముందు అది మార్చండి, ఊడితే చక్రం పడుకుంటుంది.

కాలర్: అది బాగుంటే?

మెకానిక్: అప్పుడు టార్షన్ బార్ బోల్టు. ఇప్పుడు ఎక్కడుందో పెయింటుతో గుర్తు పెట్టండి. తుప్పుంటే ముందు రోజు రాత్రే ఆయిల్ కొట్టి వదిలేయండి. జాకీతో బరువు తీసి, ఒక్కో చుట్టు తిప్పి, దించి, బండిని ముందుకీ వెనక్కీ నాలుగు గజాలు నడిపి అప్పుడు కొలవండి. జాకీ దించగానే కొలిస్తే తప్పు లెక్క వస్తుంది. కుడి పక్కతో సమానం అయితే చాలు, పైకెత్తితే స్టైలుగా ఉంటుందని ఎక్కువ తిప్పితే చక్రం తల బయటికి వాలుతుంది, బాల్ జాయింట్లు తొందరగా పోతాయి. ఇదంతా అయ్యాకే టో. ఎత్తు మారితే టో కూడా మారిపోయి ఉంటుంది, మీరు నాలుగుసార్లు చేయించిన ఆ పని ఐదోసారి తప్పదు మరి.

కాలర్: (నవ్వు) సరే సార్. మధ్యలో ఇంటి దగ్గర నేనే చూసుకోవడానికి ఏమైనా…

మెకానిక్: తాపీ మేస్త్రీ దగ్గర దారానికి వేలాడే గుండు అడుక్కోండి. చదునైన నేల మీద చక్రం బయటి పక్కన వేలాడదీసి, రిమ్ పై అంచుకూ కింది అంచుకూ దారం ఎంత దూరమో కొలవండి. పదిహేను అంగుళాల చక్రానికి రెండింటికీ ఏడు మిల్లీమీటర్ల తేడా అంటే సుమారు ఒక డిగ్రీ.

కాలర్: ఈ మూడు పలకలు మాత్రం ఇప్పుడే జేబులో వేసుకుంటున్నా సార్.

మెకానిక్: జేబులో కాదన్నా, బండికి వేయించండి.