గట్టుకు గండి కొట్టేదెవరు?

(రొమ్ము క్యాన్సర్ వ్యాప్తిలో ప్రోటీన్లను కత్తిరించే ఎంజైముల గురించి ఎలుకలలో జరిగిన పరిశోధనలపై రాజమహేంద్రవరంలోని ఒక స్టూడియోలో జరిగిన చర్చ పాఠం ఇది. జీవరసాయన శాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన ఆచార్యులు, కాకినాడలో పనిచేస్తున్న క్యాన్సర్ శస్త్రవైద్యురాలు, కోనసీమలోని ఒక లంక గ్రామపు ఆశా కార్యకర్త పాల్గొన్నారు.)

సమన్వయకర్త: మాస్టారూ, ఎంజైము అనగానే చాలామందికి కళ్ల ముందు ఏమీ మెదలదు. ఎక్కడ మొదలుపెడదాం?

ఆచార్యులు: వంటింట్లో మొదలుపెడదామండి. ముదురు మాంసం త్వరగా ఉడకాలంటే మన ఇళ్లలో పచ్చి బొప్పాయి ముక్క వేస్తారు. ఆ కాయను గీరితే కారే పాలలో పపైన్ అనే ఎంజైము ఉంటుంది. మాంసంలోని ప్రోటీను పోగులను తుంచేది అదే. మన కణాలలో పాతబడిన ప్రోటీన్లను ముక్కలు చేసే కాథెప్సిన్ బి కూడా ఆ పపైన్ కుటుంబానిదే. రెండో తెగను మాట్రిక్స్ మెటలోప్రోటినేజ్‌లు అంటారు, వీటికి జింకు లేనిదే పని సాగదు. వీటిలో మొదటిదాన్ని 1962లో జెరోమ్ గ్రాస్, చార్లెస్ లాపియేర్ తోకకప్ప తోకలో గుర్తించారు. మన వరిమడిలో ఈదే తోకకప్ప కప్పగా మారేటప్పుడు దాని తోక తెగి పడిపోదు, ఉన్నచోటే కరిగిపోతుంది. ఆ కరిగించే పనిలో ఈ ఎంజైములకు వాటా ఉంది కనుక వీటిని పుట్టు దుర్మార్గులుగా చూడకూడదు.

సమన్వయకర్త: మరి క్యాన్సర్‌లోకి ఇవి ఎలా వచ్చాయి?

శస్త్రవైద్యురాలు: పాల నాళం చుట్టూ ఆధార పొర అనే సన్నని తెర ఉంటుంది. బయాప్సీ నివేదిక చేతికి రాగానే క్యాన్సర్ కణాలు ఆ పొరను దాటాయా లేదా అన్నదే నేను ముందుగా చూస్తాను. వరదకు గోదావరి ఎంత పొంగినా గట్టు నిలిచినంత సేపు ఊరు పొడిగానే ఉంటుంది కదా, ఇదీ అలాంటిదే. ఆ పొరను పట్టి ఉంచే కొలాజెన్ అనే ప్రోటీనును కొరికి దారి చేయగలిగినవి ఈ ఎంజైములే.

ఆశా కార్యకర్త: మా వైపు గట్టుకు బొరియలు పెట్టేవి ఎలుకలూ ఎండ్రకాయలేనండి. ఇవాళ మనం మాట్లాడుకునే పరిశోధనలేమో ఎలుకల మీదే జరిగాయి. వాటికి వచ్చే జబ్బు, మన ఆడవాళ్లకు వచ్చేదీ ఒకటేనా?

ఆచార్యులు: ఒకటి కాదమ్మా, ఆ తేడాను దాచకూడదు. 1992లో తయారైన ఒక రకం ఎలుకలో పాలియోమా వైరస్ జన్యువును పాలగ్రంథిలో పనిచేసేలా అమర్చారు; ఆడ ఎలుకలకు కొద్ది వారాలలోనే కణితులు పుట్టి ఊపిరితిత్తులకు పాకుతాయి. మన స్త్రీలకు జబ్బు అలా రాదు. అయితే ఆ ఎలుకలో ఒక్క జన్యువును తీసివేసి, మిగిలినదంతా అలాగే ఉంచి, ఏం మారిందో చూడవచ్చు. మనిషిలో ఆ పని చేయలేం. 2006లో వెలువడిన ఒక పరిశోధనలో ఇలాగే కాథెప్సిన్ బి జన్యువును తీసివేస్తే కణితులు ఆలస్యంగా వచ్చాయి. నాకు మరింత ముఖ్యంగా తోచినది తరువాతి సంగతి: ఎంజైము ఉన్న క్యాన్సర్ కణాలనే ఎంజైము లేని ఎలుకలలోకి ఎక్కించినా ఊపిరితిత్తులలో అవి అంతగా పెరగలేదు. అంటే కణితి చుట్టూ చేరే మేక్రోఫేజ్‌లు, అంటే మన రక్షణ కణాలే, ఆ ఎంజైమును సమకూరుస్తున్నాయన్నమాట. కావలివాడే గునపం అందిస్తున్నాడు.

సమన్వయకర్త: అయితే ఆ ఒక్క ఎంజైమును ఆపితే సరిపోతుందా?

ఆచార్యులు: సరిపోదు. కాథెప్సిన్ బి లేని కణాలలో కాథెప్సిన్ ఎక్స్ అనే దాని బంధువు కణం ఉపరితలానికి వచ్చి ఆ లోటును కొంత పూడ్చింది. 2010లో ఆ రెండింటినీ కలిపి తొలగించినప్పుడు ఫలితం ఇంకా బలంగా కనిపించింది.

శస్త్రవైద్యురాలు: అందుకే అన్నిటినీ ఒకేసారి ఆపుదామని 1990లలో మెటలోప్రోటినేజ్‌లపై మారిమాస్టాట్ వంటి మందులు తెచ్చారు. ఎలుకలలో ఆశ కలిగించిన ఆ ఆలోచన మనుషులలో బెడిసికొట్టింది. వ్యాపించిన రొమ్ము క్యాన్సర్ ఉన్నవారిపై జరిపిన పరీక్షలో ప్రయోజనం కనిపించలేదు సరికదా, కీళ్లు, కండరాలు బిగుసుకుపోయి నొప్పితో చాలామంది బాధపడ్డారు. ఊరు మునిగాక గట్టు మీద మట్టి బస్తాలు వేసినట్టయింది. పైగా ఈ తెగలో కణితిని అదుపులో పెట్టేవీ ఉన్నాయి. కొలాజినేజ్-2 లేని మగ ఎలుకలలో చర్మపు కణితులు ఎక్కువయ్యాయని 2003లో తేలింది. దాన్నీ ఆపితే చేజేతులా శత్రువుకు సాయం చేసినట్టే.

ఆచార్యులు: ఒక్క మాట, డాక్టరు గారూ. ఈ తెగదే అయిన స్ట్రోమెలైసిన్-1ను పాలగ్రంథిలో అదనంగా తయారయ్యేలా చేసిన ఎలుకలలో, వేరే క్యాన్సర్ జన్యువేదీ చేర్చకుండానే, కొన్నిటికి కణితులు వచ్చాయని 1999లో వెల్లడైంది. కాబట్టి ఈ ఎంజైములు వ్యాప్తికే కాదు, జబ్బు పుట్టుకకూ తోడ్పడవచ్చు. బస్తాలు ఎప్పుడు వేయాలన్న మీ మాటకు ఇది బలం.

ఆశా కార్యకర్త: నాకొక సందేహం ఉందండి. బొప్పాయి ఎంజైము గొట్టం మాత్రలని సీసాలో పోసి, గడ్డను కరిగిస్తాయని ఒకరు మా ఊళ్లో అమ్ముతున్నారు. ఒకావిడ రెండు నెలలుగా మింగుతున్నారు. నొప్పి లేదు కదా, చూద్దాం అంటున్నారు.

శస్త్రవైద్యురాలు: మింగిన ఎంజైము కూడా ప్రోటీనే కనుక పొట్టలో చాలావరకు అదే జీర్ణమైపోతుంది, అది గడ్డను వెతుక్కుంటూ వెళ్లదు. రొమ్ము క్యాన్సర్ గడ్డ మొదట్లో ఎక్కువమందిలో నొప్పి పెట్టదు. ఆవిడతో వాదించకండమ్మా, ఆ సీసా పట్టుకునే ఈ వారంలో మా ఓపీకి రమ్మనండి. ముందు సూదితో పరీక్ష చేద్దాం, సీసా సంగతి తరువాత మాట్లాడుకుందాం.