తడి తోలు

శ్రోతలకు నమస్కారం.

రిటైరైన రెండో నెలలో అటక మీదున్న పాత గోతాం మూట దించాను. ఇరవై ఏళ్ల వయసులో కొనుక్కున్న పనిముట్లు అందులో ఉన్నాయి. తోలు మీద ఆకులూ లతలూ చెక్కడం అప్పట్లో ఒక వేసవి సెలవుల్లో నేర్చుకున్నాను. తర్వాత ఉద్యోగం, పెళ్లి, బదిలీలు. మూట మాత్రం విప్పకుండానే మాతోపాటు ఊళ్లన్నీ తిరిగింది.

తోలు పని అనగానే మనకు నిమ్మలకుంట తోలుబొమ్మలు గుర్తొస్తాయి. ఆ పని వేరు. మేకతోలును వెలుగు దూరేంత పల్చగా గీకి, ఉలితో చిల్లులు పొడిచి, రంగులద్దుతారు. నాది దళసరి తోలు. దానికి చిల్లు పడిందంటే పని చెడినట్టే!

అయితే ఏ తోలు పడితే అది దీనికి పనికిరాదు. ఇప్పుడు బజారులో దొరికేది చాలావరకు క్రోమియం లవణాలతో పదును చేసిన తోలు. మెత్తగా ఉంటుంది, కానీ అచ్చు నిలవదు. చెట్టు బెరళ్లతో, కాయలతో పదును చేసిన తోలైతేనే కొట్టిన దెబ్బ కొట్టినట్టే ఉంటుంది. మన పల్లెల్లో తంగేడు చెక్క, కరక్కాయ వేసి లందల్లో, అంటే తోళ్లు ఊరేసే తొట్లలో, నానబెట్టింది అలాంటి తోలే. మోట బొక్కెనలు, కిర్రుచెప్పులు దానితోనే కుట్టారు. ఆ లంద దగ్గర తరతరాలు ఒళ్లు వంచినవాళ్లను ఊరు దూరంగా పెట్టింది. నాకు మాత్రం ఇది సాయంత్రపు సరదా. ఆ తేడా మరచిపోయి ఈ పని గొప్పలు చెప్పడం నాకు ఇష్టం ఉండదు.

ఇక పని సంగతి. ముందు స్పంజితో తోలు తడపాలి. తర్వాత ఆగాలి. రంగు మళ్లీ తేలిక పడుతూ, చెంపకు ఆనిస్తే ఇంకా చల్లగా తగలాలి. అప్పుడే అదును. తడి ఎక్కువైతే అచ్చు అలుక్కుపోతుంది, తక్కువైతే దిగదు. కుర్రతనంలో నేను చెడగొట్టిన ముక్కలన్నీ ఈ ఆగడం చేతకాకనే. ఇప్పుడు కాఫీ తాగుతూ అరగంటైనా కూర్చోగలను. వచ్చిన చిక్కల్లా ఆ తర్వాతే. మూడు మిల్లీమీటర్ల తోలులో ఒక్క మిల్లీమీటరు లోతున కత్తి నడపాలి. చెయ్యి వణుకుతుంది. కళ్లజోడు మీద భూతద్దం. లతలు ఇక నా వల్ల కావని ఒప్పుకుని, వెడల్పాటి ఆకులకు దిగాను. గీత పక్కన ఏటవాలు మొన ఉన్న అచ్చు ఆనించి, కొయ్య సుత్తితో కొట్టుకుంటూ పోతే ఒక పక్క కుంగి, ఆకు పైకి లేచినట్టు కనిపిస్తుంది. తోలు కింద, వంటగట్టుకు వేయగా మిగిలిన గ్రానైటు ముక్క ఉంటుంది. ఇనుప సుత్తి వాడితే అచ్చుల తలలు చితికిపోతాయి.

మొన్న తడి తోలును తుప్పు పట్టిన రేకు మీద పెట్టి మరిచాను. తీసేసరికి నల్లటి మచ్చలు! మా ఆవిడది శ్రీకాళహస్తి. చూడగానే నవ్వింది. "ఇది మా కలంకారీ నలుపేనండీ" అంది. నిజమే. అక్కడ బట్టను కరక్కాయ, పాలలో ముంచి ఆరబెడతారు. ఇనుప ముక్కలు, బెల్లం కలిపి పులియబెట్టిన నీటితో గీస్తే గీత నల్లబడుతుంది. నా తోలులోనూ కరక్కాయ లాంటి ఆ వగరే ఉంది, రేకులో ఇనుమూ ఉంది. నిమ్మరసం రాస్తే మచ్చ కొంత పోయింది. మిగిలిన చోట ఇంకో ఆకు చెక్కాను. మా మనవరాలు దాన్ని ఎండుటాకు అంటోంది.

ఇప్పుడు చేస్తున్నది కళ్లజోడు పెట్టె. ఒక్క పూటలో తెమలదు. తడిపిన ముక్క ఆరిపోకుండా, బూజు పట్టకుండా ఉండాలంటే ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టాలి. రాత్రి పెట్టాను. పొద్దున్నే వంటింట్లోంచి కేక.

"ఏమండీ, పెరుగు గిన్నె పక్కన ఇదేమిటి?"

ఆ సమాధానం ఇంకా బాకీ ఉంది. సెలవు.