10,363 సార్లు

శ్రోతలకు నమస్కారం. అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌కి ఉన్న పేరు ఇంకెవరికీ ఉండదు. నేను మాత్రం అతనికి కాపు కాసిన మనిషి గురించి చెప్తాను. జో థామస్. క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ జట్టులో లెఫ్ట్ టాకిల్.

కుడిచేత్తో విసిరే క్వార్టర్‌బ్యాక్‌కి తన ఎడమవైపు నుంచి వచ్చేవాడు సరిగా కనబడడు. అటు నుంచి దూసుకొచ్చే బలశాలిని ఆపడమే లెఫ్ట్ టాకిల్ పని.

2007లో జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే రోజున పేరున్న కుర్రాళ్లు సూట్లు వేసుకుని న్యూయార్క్ వేదిక దగ్గర కూర్చుంటే, జో వాళ్ల నాన్నతో మిషిగన్ సరస్సులో చేపలు పడుతున్నాడు. మూడో ఆటగాడిగా ఎంపికయ్యాడు. ఈ సంగతి నాకెంత ఇష్టమో!

ఇక అసలు విషయం. మొదటి మ్యాచ్ నుంచి తన జట్టు చేతిలో బంతి ఉన్న ప్రతిసారీ జో మైదానంలో ఉన్నాడు. వరుసగా 10,363 సార్లు. ఒక్కసారి కూడా బయటికి రాలేదు. క్వార్టర్‌బ్యాక్‌లు మారిపోయారు, కోచ్‌లు మారిపోయారు, జో బయటికి రాలేదు. జట్టు గెలుస్తోందా అంటే అదీ లేదు. 2016లో 16 మ్యాచ్‌లకు ఒకే ఒక్క గెలుపు. ఓడే జట్టులో అంత నిష్ఠగా నిలబడటం గెలిచే జట్టులో నిలబడటం కంటే కష్టమని నేను అనుకుంటాను.

2017 అక్టోబర్ 22న టెన్నెసీ జట్టుతో మ్యాచ్‌లో ఎడమ మోచేతి పైన కండరం తెగింది. అప్పుడు బయటికి వచ్చాడు. మళ్లీ ఆడలేదు. 2023లో ఈ ఆటలో గొప్పవాళ్లను గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటిచ్చారు.

ఆడినన్నాళ్లూ 135 కిలోలకు పైగా బరువు నిలుపుకోవడానికి ఆకలి లేకపోయినా తినేవాడు. రిటైరయ్యాక 20 కిలోలకు పైగా తగ్గాడు. ఆ బరువు కూడా ఉద్యోగంలో భాగమే మరి.

అమెరికాలో పిల్లల ఇంటికి వెళ్లినప్పుడు టీవీలో ఈ ఆట వస్తే, ఒక్క పని చేయండి. మొదటి మూడు సెకన్లు బంతిని చూడకండి. క్వార్టర్‌బ్యాక్ ముందున్న అయిదుగురిలో అతనికి ఎడమవైపు చివరివాడి పాదాలు చూడండి. క్వార్టర్‌బ్యాక్ బంతి విసరబోతుంటే, చిన్న చిన్న అడుగులతో వెనక్కి జరుగుతూనే, ఎదుటివాడికి అడ్డంగా ఉంటాడు. చేతులతో నెట్టవచ్చు, పట్టి లాగకూడదు. లాగితే జట్టు 10 గజాలు వెనక్కి పోతుంది. మూడు సెకన్లు అతన్ని చూశాక బంతి ఎటు వెళ్లిందో చూసుకోండి. సెలవు.